నాగాయలంక తర్వాత పడవ

మొన్న మా మనవరాలు నా పక్కన మంచం మీద కూర్చుని, నేను టీ తాగి గ్లాసు కింద పెట్టేలోపు ఒక దీవికి ప్రయాణం కట్టేసింది. కారులో ఎంతదూరం వెళ్ళాలి, దారిలో ఎక్కడ తినాలి, పడవ ఎన్నింటికి, అవతల ఒడ్డున ఎక్కడ పడుకోవాలి, అన్నీ ఫోనులోనే.

"అయిపోయిందా?" అన్నాను.

"అయిపోయింది నానమ్మా."

"ఎవరినీ అడగవా?"

"ఎవర్ని అడగాలి?" అంది.

నాకు నవ్వొచ్చింది. మా నాన్న కూడా ఒకసారి దీవికి ప్రయాణం కట్టాడు. ఆయనకి ఇరవై రెండు రోజులు పట్టింది. విజయవాడ వన్ టౌన్‌లో ఆయన దారి అడగని మనిషి లేడు. అందర్నీ అన్నీ అడిగి, అడగాల్సిన ఒక్కటీ అడక్కుండా బయల్దేరాడు. ఆ సంగతి రాద్దామని కూర్చున్నాను. నలభై దాటాక అక్షరాలు నేర్చుకున్నదాన్ని. నాకు జరిగింది జరిగినట్టు రాయడమే వచ్చు.

అప్పటికి నాకు తొమ్మిదో పదో. మా ఇల్లు వన్ టౌన్‌లో, కృష్ణ ఒడ్డుకి నాలుగు సందుల ఇవతల. ముందు గది నాన్న ఉప్పుచేపల కొట్టు. వెనక రెండు గదుల్లో నాన్న, అమ్మ, నాయనమ్మ, నేను, ఆరు నెలల తమ్ముడు. గోనె సంచుల్లో ఎండు నెత్తళ్ళు, ఎండు రొయ్యలు, సావడాయలు. ఆ వాసన మా గోడల్లో ఉండేది, దుప్పట్లలో ఉండేది, నా జడలో ఉండేది. ఆదివారం అమ్మ ఎంత కుంకుడు రసం పోసి రుద్దినా సోమవారానికి మళ్ళీ వచ్చి కూర్చునేది. సందులో పిల్లలు ముక్కు మూసుకుంటే నేను నా జడ తీసుకెళ్ళి వాళ్ళ మొహం మీద తిప్పి వచ్చేదాన్ని.

అమ్మది సముద్రం దగ్గర ఒక దీవి. కృష్ణ చీలి సముద్రంలో కలిసే చోట, నాగాయలంక దాటాక పడవెక్కి వెళ్ళాలి. మావాళ్ళలో పెళ్ళి మగపిల్లవాడి ఇంట్లో చేస్తారు. అందుకని నాన్న పెళ్ళికి కూడా ఆ ఊరు వెళ్ళలేదు. తర్వాత పదకొండేళ్ళలో ఒక్కసారీ వెళ్ళలేదు. మావయ్య, అంటే మా అమ్మ అన్న, వచ్చి తీసుకెళ్ళేవాడు, మళ్ళీ ఆయనే దింపేవాడు. నేను చంకలో ఉన్నప్పుడు రెండుసార్లు వెళ్ళానట. నాకేం గుర్తులేదు.

గొడవ మావయ్య వచ్చిన రోజు మొదలైంది. ఎండాకాలం. ఆయన తడి గోనెపట్టాలో బతికున్న పీతలు చుట్టుకుని, నెత్తిన పెట్టుకుని, బస్టాండు నుంచి నడిచి తిన్నగా కొట్లోకి వచ్చాడు. కాళ్ళకి చెప్పులు లేవు. "బావా! ఎలా ఉన్నావ్?" అని ఆ గొంతుతో కేకేస్తే వీధి చివర దాకా వినపడింది. నాన్న ఎదురుగా మైలవరం నుంచి వచ్చిన పెద్ద బేరగాడు కూర్చుని ఉన్నాడు. నాన్న లేవలేదు. ఆ బేరగాడితో అన్నాడు: "మా ఆవిడ తరఫండీ. లంకోళ్ళు. బురదలో పుట్టి బురదలో పెరిగినోళ్ళు, ఏమీ అనుకోకండి."

తలుపు వెనక అమ్మ ఉంది. అమ్మ పక్కన నేనున్నాను. మావయ్య విన్నాడు, విననట్టు నవ్వి వెనక్కి వచ్చి పీతలు దింపాడు. అమ్మ ఆ పీతల్ని మిరియాలు నూరి వండింది. మావయ్యకి రెండుసార్లు వడ్డించింది, నాన్నకి ఒక్కసారి.

మర్నాడు పొద్దున్నే రేకు పెట్టె సర్దుకుని, తమ్ముణ్ణి ఎత్తుకుని గడప దగ్గర నిలబడింది. నాయనమ్మ అడ్డం వచ్చింది.

"ఎక్కడికే, పిల్లాడితో?"

"మా ఊరికి అత్తా."

"మళ్ళీ ఎప్పుడు?"

"మీ అబ్బాయొచ్చి ఆ బురద తన కాళ్ళతో తొక్కిన రోజు. అప్పటిదాకా లేదు."

నేను వెనకే పరిగెత్తాను. నా గడ్డం పట్టుకుని, "నువ్వుండవే. నువ్విక్కడుంటే మీ నాన్నకి మేం గుర్తుంటాం" అంది. ఆ మాటకి నాకు చాలా ఏళ్ళు కోపం ఉండేది. పిల్లని తాకట్టు పెట్టినట్టు వదిలి వెళ్ళిందని. ఇప్పుడు లేదు.

నాన్న మొదట పౌరుషంగానే ఉన్నాడు. "ఎక్కడికి పోద్దిలే, నాలుగు రోజుల్లో అదే వస్తుంది" అన్నాడు. నాలుగు రోజులు పోయాయి, ఇంకో నాలుగూ పోయాయి. నాయనమ్మ నా జడ ఎంత బిగించి అల్లేదంటే నా కళ్ళు పక్కలకి సాగేవి. పులుసులో చింతపండు మరీ ఎక్కువ పోసేది. నాన్న తినేవాడు కాదు, కంచంలో వేళ్ళు పెట్టి కూర్చునేవాడు. మాకు ఎండుచేపలు తెచ్చే లంక మనిషి ఒకడు అప్పుడే మావయ్య కబురు పట్టుకొచ్చాడు.

"అన్నా, వచ్చే పౌర్ణమి సాయంత్రం దీపాల వేళకి పెద్దలు కూర్చుంటున్నారు. నువ్వొస్తే సరే. రాకపోతే నువ్వు వదిలేసినట్టే లెక్క. అమ్మాయినీ పిల్లాడినీ అక్కడే ఉంచేస్తారు."

నాన్న మొహం పాలిపోయింది. అయినా పైకి, "వస్తాలే, నాకేం భయమా?" అన్నాడు.

"పొద్దున్నే వచ్చెయ్ అన్నా. పౌర్ణమికి మధ్యాహ్నం దాటితే రేవులో నీళ్ళుండవు."

కొట్లో ఉన్నవాళ్ళందరూ గొల్లున నవ్వారు. నాన్న అయితే పొట్ట పట్టుకుని నవ్వాడు. "సముద్రాన్ని పక్కలో పెట్టుకుని నీళ్ళుండవంటాడ్రా! కృష్ణ ఒడ్డున పుట్టినోడికి నీళ్ళ సంగతి చెప్తున్నాడు!" నేనూ నవ్వాను. మాకు తెలిసిన నది ఒక్క వైపే పోతుంది. రోజుకి రెండుసార్లు వెనక్కి తిరిగే నీళ్ళు ఉంటాయని మా సందులో ఎవరికీ తెలీదు. తెలిసిన మనిషి ఒక్కతే, ఆవిడ లంకలో కూర్చుని ఉంది.

ఆ సాయంత్రం నుంచే ప్రయాణం కట్టడం మొదలైంది. బస్సులో పోవచ్చు. పదకొండేళ్ళ తర్వాత మొదటిసారి అత్తారింటికి బస్సులో వెళ్తే ఏం మర్యాద అన్నాడు నాన్న. కారే కావాలి. పక్క సందులో సాయిబు బాబాయి ఉండేవాడు. నాన్నకి చిన్నప్పటి నుంచీ స్నేహితుడు, కార్లు బాగుచేసే మెకానిక్కు. నాలుగు పాత కార్ల ముక్కలు కలిపి తనకొక కారు చేసుకున్నాడు. నల్ల కారుకి ఒక తలుపు ఆకుపచ్చ. ఆ తలుపుని తాడుతో కట్టేవాళ్ళు. దాని గుండ్రటి రబ్బరు హారను నొక్కితే బాతు అరిచినట్టు అరిచేది. నేను రోజూ వెళ్ళి నొక్కేదాన్ని. "అరే పిల్లా, అది అరిగిపోతే నిన్ను కూర్చోబెట్టి అరిపిస్తా" అనేవాడు బాబాయి.

మా ఇంట్లో చదివేవాళ్ళు లేరు. నాన్నకి అంకెలొచ్చు, అంతే. అందుకని దారి నేల మీద పరిచారు. నాయనమ్మ వంటింటి సామానంతా కదిలింది. ఉల్లిపాయ కంకిపాడు. ఇత్తడి గ్లాసు ఉయ్యూరు, అక్కడ చెరుకు ఫ్యాక్టరీ ఉంది గనక పెద్దదిగా కనపడాలి. పామర్రు ఒక మూత. మంచినీళ్ళ చెంబు కూచిపూడి. రోకలిబండ చల్లపల్లి. తర్వాత మోపిదేవి, పులిగడ్డ, అవనిగడ్డకి మూడు వంకాయలు. నాగాయలంకకి ఉప్పు జాడీ. నాయనమ్మ సాయంత్రం వంటకి వంకాయ తీసుకుంటే, "అమ్మా, అవనిగడ్డ తీసేశావ్!" అని నాన్న అరిచేవాడు.

రోజూ పది మంది చేరేవాళ్ళు. లారీ డ్రైవర్లని పిలిచి టీలు పోయించి అడిగేవాడు. ఎక్కడ గోతులు, ఎక్కడ రేడియేటర్లో పోయడానికి నీళ్ళు, ఎక్కడ టైరుకి అతుకేసేవాడు, ఎక్కడ ఇడ్లీ బాగుంటుంది. పామర్రులో టీ తాగాలా, కూచిపూడిలోనా అన్న దాని మీద ఒక పూటంతా పోట్లాడుకున్నారు. నేను మూలన కూర్చుని వినేదాన్ని. ఉల్లిపాయ దగ్గర మొదలుపెట్టి ఉప్పు జాడీ దాకా వేలు జరుపుకుంటూ వచ్చి నాన్న ఆగిపోయేవాడు.

"నాగాయలంక తర్వాత?" అనేవాడు బాబాయి.

"తర్వాత పడవ" అని నాన్న వేలు మళ్ళీ ఉల్లిపాయ మీద పెట్టేవాడు.

పడవ ఎంత పెద్దది, ఎంతసేపు, ఎవరు నడుపుతారు, ఒక్కసారీ అడగలేదు. రోడ్డు మీద ప్రతి గొయ్యీ అడిగిన మనిషి నీటి దగ్గరికొచ్చేసరికి అంతే.

ఎందుకో నాకు ఒక మధ్యాహ్నం తెలిసింది. నాన్న నిద్రపోతున్నాడు. నాయనమ్మ అరుగు మీద బాబాయికి మజ్జిగ ఇస్తూ గొంతు తగ్గించి చెప్తోంది. "వీడికి ఈత రాదయ్యా. నేనే రానివ్వలేదు. పెద్దాణ్ణి కృష్ణ తీసుకుపోయింది కదా, వీణ్ణి రేవు మెట్ల దాకా కూడా పోనివ్వలేదు. వలేసే ఇంట్లో పుట్టినోడికి ఎండుచేపల తక్కెడ ఇచ్చి కూర్చోబెట్టాను. ఇప్పటికీ మోకాలు దాకా నీళ్ళు చూస్తే వాడికి వణుకు. పెళ్ళానికి కూడా చెప్పుకోలేదు, నామోషీ."

నేను ఆ మాట ఎవరికీ చెప్పలేదు. ఆ రోజు నుంచీ నాకు ఒకటే దిగులు, ఈయన వెళ్ళడు, అమ్మ రాదు.

ఏం పట్టుకెళ్ళాలన్నది ఇంకో రగడ. "చేపలోళ్ళకి చేపలు పట్టుకెళ్తామా?" అని నాయనమ్మ నూజివీడు రసాలు ఒక గంప, అరటిగెల, గుమ్మడికాయ, కొత్తావకాయ జాడీ, సున్నుండల డబ్బా సిద్ధం చేసింది. ఆ డబ్బాలో పై వరస నేను తినేసి, కింద వాటిని పైకి పేర్చాను. నాయనమ్మ డబ్బా ఎత్తి చూసి, "తేలికైందేమే?" అంది. "ఎండకి ఆరిపోయుంటాయి" అన్నాను. వీపు మీద ఒకటి పడింది.

నన్ను తీసుకెళ్ళనన్నాడు నాన్న. బాబాయే అన్నాడు: "అన్నా, నీ మొహం చూసి వదిన వస్తుందా? పిల్లని చూసి రావాలి గానీ. ఎక్కించు."

పౌర్ణమి రోజు చీకటితోనే లేచాం. తలంట్లు, కొత్త బట్టలు. నాన్న తెల్ల పంచె, తెల్ల చొక్కా, మెడలో జరీ కండువా. ఆరింటికి కారెక్కి కూర్చుంటే నాయనమ్మ వీధిలోకి పరిగెత్తుకొచ్చింది. పంచాంగం చూసే ఆయన్ని అడిగిందట, తొమ్మిదింటి దాకా వర్జ్యం. "ఇన్నాళ్ళు ఆగినోడివి మూడు గంటలు ఆగలేవా? చెడు ఘడియలో వెళ్తే అది రాదురా" అంది. నాన్న సంతోషంగా దిగిపోయాడు. ఆయన సంతోషం చూసి నాకు ఒళ్ళు మండింది.

తొమ్మిది దాటాక బయల్దేరాం. నాయనమ్మ కొట్టుకి కాపలా ఉండిపోయింది. ఆకుపచ్చ తలుపుని ఆనుకుని నేను, నా ఒళ్ళో ఆవకాయ జాడీ. కారంతా మామిడిపళ్ళ వాసన, పెట్రోలు వాసన, మా చేపల వాసన. ఉయ్యూరు దాటాక టైరు దిగింది. పామర్రులో తాగాలో కూచిపూడిలో తాగాలో తేలక రెండు చోట్లా టీ తాగారు. కూచిపూడిలో రేడియేటర్ పొగలు కక్కితే ఒక ఇంటి ముందు ఆగాం. లోపల ఎవరో పిల్లలకి అడుగులు నేర్పుతున్నారు. తాళం చప్పుడుకి నేను మట్టిలో నిలబడి నా అడుగులు నేను వేశాను. ఆ ఇంటి ముసలాయన చెంబుతో నీళ్ళు పట్టుకొచ్చి, "ముందు పిల్లకివ్వండి, తర్వాత కారుకి" అన్నాడు.

పులిగడ్డ దగ్గర కాలువనీ మనుషుల్నీ కలిపి నది దాటించే ఇరుకు వంతెన ఉంది. దాని మీద వెళ్ళినంతసేపూ నాన్న కళ్ళు మూసుకున్నాడు. "నిద్రొస్తుందా నాన్నా?" అన్నాను. "ఊఁ" అన్నాడు. పంచె అంచు పిడికిట్లో నలిగిపోయింది.

నాగాయలంక దాటి కరకట్ట మీద రేవు చేరేసరికి మూడయింది. కారు దిగి చూస్తే రేవులో నీళ్ళు లేవు.

నిజంగానే లేవు. కట్ట కింద నుంచి కనుచూపు మేర నల్లటి బురద, ఎండకి మెరుస్తోంది. దాని మీద చిన్న చిన్న చేపలు కప్పల్లా గెంతుతున్నాయి. అటూ ఇటూ మడ చెట్లు వేళ్ళు పైకి పెట్టుకుని నిలబడ్డాయి. ఎక్కడో దూరంగా సన్నటి నీటి గీత, అందులో ఒక పడవ. గాలి ఉప్పగా ఉంది. కట్ట మీద వల అల్లుకుంటున్న ముసలమ్మ ఒకావిడ మమ్మల్ని చూసి, "పాటు మీద వచ్చారేంటయ్యా? నీళ్ళు వెనక్కి పోయాయి. మళ్ళీ నిండేసరికి బాగా చీకటి పడుద్ది" అంది.

బాబాయి నెత్తిన చెయ్యి పెట్టుకున్నాడు. "అరే! ఆ మనిషి చెప్పాడు గదన్నా!"

నాన్న ఏమన్నాడో నాకు మాట మాటగా గుర్తుంది. "మనం ఏం చేస్తాం? వచ్చాం. నీళ్ళు లేవు. రేపు చూద్దాం." అని కారు వైపు తిరిగాడు. దీపాల వేళకి పెద్దలు కూర్చుంటారు. రేపు చూడటానికి ఏమీ ఉండదు. ఆ సంగతి ఆయనకీ తెలుసు.

"నువ్వు రాకపోతే పో. నేను పోతా" అన్నాను. జాడీ కింద పెట్టి కట్ట మీద నుంచి జారాను. నాలుగడుగులు బాగానే పడ్డాయి. ఐదో అడుగు మోకాలు దాకా దిగింది, ఆరోది తొడ దాకా. బురద చల్లగా, మెత్తగా, కుళ్ళిన ఆకుల వాసనతో కాళ్ళు పట్టేసుకుంది. ముందుకి రాదు, వెనక్కి రాదు. నేను సిగ్గు లేకుండా, "అమ్మా!" అని కేకపెట్టాను. కట్ట మీద నాన్న ఇటూ అటూ పరిగెత్తుతూ, "ఎవరైనా పట్టుకోండయ్యా!" అని అరుస్తున్నాడు. దిగడం లేదు.

పడవ దగ్గర నుంచి ఇద్దరు మనుషులు బురదలో వస్తున్నారు. ముందున్నది మావయ్య. పొద్దుటి నుంచీ అక్కడే ఉన్నాడట. కొంగలా కాళ్ళు తీస్తూ వేస్తూ వచ్చి, నన్ను ముల్లంగి పీకినట్టు పీకి రెండో ఆయన భుజం మీద వేశాడు. కట్ట దగ్గరికి వెళ్ళి నాన్న ముందు వీపు తిప్పి గొంతుక్కూర్చున్నాడు.

"ఎక్కు బావా."

"ఏంటిది?"

"మా ఊరికి మొదటిసారి వచ్చే అల్లుడు బురద తొక్కకూడదు. బావమరిది మొయ్యాలి. మా పద్ధతి. పదకొండేళ్ళు లేటయినా నువ్వు కొత్తల్లుడివే."

తెల్ల పంచె, జరీ కండువాతో మా నాన్న మావయ్య వీపెక్కాడు. మెడ చుట్టూ చేతులు వేసి కళ్ళు గట్టిగా మూసుకున్నాడు. పక్కనే భుజం మీద నేను. అన్నీ వినపడ్డాయి.

"బావా, ఆ రోజు కొట్లో నేను..."

"మాట్లాడకు బావా. జారితే ఇద్దరం పోతాం."

"కాదు, ఆ బేరగాడి ముందు..."

"ముందు మెడ వదులు! ఊపిరాడట్లా!" అని కాస్త ఆగి మావయ్య అడిగాడు: "బావా, నీకు ఈత రాదా?"

నాన్న చేతులు మళ్ళీ బిగుసుకున్నాయి. మావయ్య మరి అడగలేదు.

బాబాయి కారు వదిలి రానన్నాడు. పళ్ళగంప, మిగతా సామాను ఆ రెండో ఆయన మళ్ళీ వెళ్ళి తెచ్చాడు. పడవలో నాన్న మధ్యలో కూర్చుని రెండు చేతులతో అడ్డకర్ర పట్టుకున్నాడు. నీళ్ళ వైపు చూడలేదు. నా మొహంలోకే చూస్తూ ఉన్నాడు. ఆయన నన్ను అంతసేపు చూడటం అదే మొదలు.

అవతల ఒడ్డున కూడా బురదే. గట్టు మీద ఊరు ఊరంతా నిలబడి ఉంది. వాళ్ళలో తమ్ముణ్ణి ఎత్తుకుని అమ్మ. మావయ్య మళ్ళీ దిగి వీపు తిప్పాడు. నాన్న అమ్మ వైపు చూశాడు. చెప్పులు తీసి పడవలో పెట్టాడు.

"వద్దు బావా. నేనే నడుస్తా."

"పద్ధతి కాదయ్యా! కొత్తల్లుడు బురద తొక్కకూడదు!" అని గట్టు మీద ముసలివాళ్ళు అరిచారు. నాన్న వినలేదు. అంచు పట్టుకుని దిగాడు. మోకాలు దాకా పోయాడు. పళ్ళు బిగించి ఒక కాలు పీకాడు, ఇంకో కాలు పీకాడు. ఆరేడు అడుగులు వేశాడేమో, మొహం మీద బోర్లా పడ్డాడు. లేచి నిలబడితే కళ్ళు, పళ్ళు తప్ప ఏమీ కనపడలేదు. ఊరంతా నవ్వింది. నేనూ నవ్వాను. అమ్మ నవ్వలేదు. తమ్ముణ్ణి పక్కావిడ చేతికిచ్చి, చీర కుచ్చెళ్ళు ఎగదోపుకుని, గట్టు దిగి వచ్చి చెయ్యి చాపింది.

అంతటితో పెద్దలు వదిలేస్తారనుకున్నాను. వదల్లేదు. దీపాల వేళకి కూర్చోనే కూర్చున్నారు. నాన్న స్నానం చేసి మావయ్య లుంగీ కట్టుకుని మధ్యలో నిలబడ్డాడు. పెద్దాయన అడిగాడు: "ఇవాళ వచ్చావు, బాగుంది. పదకొండేళ్ళు ఎందుకు రాలేదు? మా ఊరు నీకు లోకువా?"

నేను ఆయన లుంగీ పట్టుకుని ఉన్నాను.

"లోకువ కాదండీ. నాకు ఈత రాదు. నీళ్ళంటే భయం."

ఆ ఊళ్ళో నడక రాని పిల్లలకి కూడా ఈత వచ్చు. పెద్దాయన, "మరి చేపల వ్యాపారం ఎలా చేస్తున్నావయ్యా?" అన్నాడు.

"అవి ఎండినవి కదండీ" అన్నాడు నాన్న.

ఒక ముసలాయన నవ్వీ నవ్వీ దగ్గుతెర వచ్చి పడిపోబోతే పట్టుకున్నారు. ఆ నవ్వుల మధ్యలో అమ్మ లేచింది. ఆవిడ కళ్ళనిండా నీళ్ళు, గొంతు నిండా కోపం.

"పదకొండేళ్ళు నేను ఏమనుకున్నాను? మా ఊరంటే అసహ్యం అనుకున్నాను. భయమని ఒక్క ముక్క చెప్తే సరిపోయేదిగా!"

"నామోషీ అనిపించింది" అన్నాడు నాన్న.

"అమ్మాయ్, వెళ్తావా మరి?" అన్నాడు పెద్దాయన.

"వెళ్తాను. రేపు కాదు. ఆయన మూడు రోజులు ఇక్కడుండాలి. మా ఊరు మొత్తం చూడాలి. చూసి, బురదో ఊరో అప్పుడు చెప్పాలి."

పెద్దలు సరేనన్నారు. ఉండక నాన్నకి దారి కూడా లేదు, పడవ నడిపేది మావయ్యే కదా.

ఆ మూడు రోజులూ అమ్మ ముందు, నాన్న వెనక. తను పుట్టిన పాక, తను జారి పడ్డ గట్టు, వాళ్ళ నాన్న పడవలు కట్టిన చోటు, వలలకి రంగు పట్టించడానికి మడ చెట్టు బెరడు ఉడికించే పెద్ద కాగు, ఒక్కొక్కటీ చూపించింది. మనుషుల్ని కూడా చూపించింది, ఇంటింటికీ తీసుకెళ్ళి. ప్రతి ఇంట్లో ఏదో ఒకటి పెట్టారు. నిప్పుల మీద కాల్చిన పండుగప్ప, పీతల పులుసు, ఇసుకలో పండిన పుచ్చకాయ. మేం తెచ్చిన మామిడిపళ్ళ కోసం పిల్లలు మావయ్య గుమ్మంలో బారులు తీరారు. నాన్న మొదటి రోజు ముక్తసరిగా చూశాడు. రెండో రోజు ప్రశ్నలు వేశాడు. మూడో రోజు అమ్మ మర్చిపోయిన ఇల్లు ఆయనే గుర్తుచేశాడు. పోటు మీద నీళ్ళు నిండినప్పుడు మావయ్య ఆయన్ని మొలలోతు దాకా దింపి చేతులు పట్టుకుని నిలబెట్టాడు. అంతే, ఈత నేర్చుకోలేదు. నిలబడటం నేర్చుకున్నాడు.

నాలుగో రోజు పొద్దెక్కాక, నిండు నీళ్ళ మీద ఇవతలికి వచ్చాం. బాబాయి ఆ మూడు రోజుల్లో నాగాయలంకలో సగం సైకిళ్ళు బాగుచేసి పెట్టాడు. అమ్మ కారెక్కుతూ, "ఊరా, బురదా?" అంది. "ఊరే" అన్నాడు నాన్న.

తర్వాత కొన్నేళ్ళకి ఉప్పెన వచ్చింది. ఆ ఊరు పోయింది. మావయ్య పోయాడు. నాకు పీతకాళ్ళు కాల్చిపెట్టిన ఆడవాళ్ళు, దగ్గిన ముసలాయన, పద్ధతి కాదని అరిచినవాళ్ళు, ఎవరూ మిగల్లేదు. దాని గురించి రాయలేను. లంక ఉంది. ఇప్పుడు అక్కడ వేరే ఊరుంది, కొత్త ఇళ్ళున్నాయి. అమ్మ మళ్ళీ వెళ్ళలేదు.

చాలా రోజులకి ఒక సాయంత్రం కొట్టు కట్టేశాక, అమ్మ బియ్యం ఏరుతూ తనలో తను అనుకున్నట్టు, "రేవు దిగ్గానే కుడిచేతి పక్క మొదటి ఇల్లు ఎవరిదీ..." అంది. నాన్న వెంటనే చెప్పాడు. ఎవరిల్లో, దాని పక్కన ఎవరో, ఆ ఇంట్లో మాకేం పెట్టారో. అమ్మ ఏడ్చింది. ఏడుస్తూనే తర్వాతి ఇల్లు అడిగింది. అప్పటి నుంచి అది వాళ్ళకి అలవాటైపోయింది. విజయవాడలో ఆ ఊరు చూసిన మనిషి ఆవిడకి ఆయనొక్కడే. సాయంత్రాలు ఇద్దరూ అరుగు మీద కూర్చుని రేవు నుంచి మొదలుపెట్టి ఇంటింటికీ తిరిగి వచ్చేవాళ్ళు. ఒక్క బావి దగ్గరే పోట్లాట.

"మంచినీళ్ళ బావి మా అన్నయ్య ఇంటికి తూర్పున" అనేది అమ్మ.

"పడమర. నేను చూశాను" అనేవాడు నాన్న.

"పుట్టినదాన్ని నేను, మూడు రోజులు చూసినోడివి నువ్వా చెప్పేది?"

"నువ్వు పుట్టావు. నేను చూశాను."

ముసలివాళ్ళయ్యేదాకా తేలలేదు. ఒక్కోసారి ఇద్దరూ నా వైపు తిరిగి, "నువ్వూ ఉన్నావుగా, చెప్పవే" అనేవాళ్ళు. నాకు తెలీదు అనేదాన్ని. నిజంగానే తెలీదు. ఆ మూడు రోజులూ నేను ఊరు చూడలేదు. వాళ్ళిద్దర్నే చూస్తూ తిరిగాను.